అర్దియా నుంచి సల్వాకి మూడు ధరలు

అబ్బాసియాలో ఒక దర్జీ కొట్టు మెట్టు మీద నిలబడి, పొద్దున తొమ్మిదీ పదికి, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశాం. ముబారకియా బజారుకి కారు కావాలంటే మా ఆయన ఫోన్లో రెండు దీనార్ల వంద ఫిల్సు. నా ఫోన్లో దీనారు ఏడువందలు. యాప్ ఒకటే, బజారు ఒకటే, నిలబడ్డ మెట్టు ఒకటే. కువైట్‌లో దీనారుకి వెయ్యి ఫిల్సులు. నేను వెళ్లిన 2018లో దీనారు మన డబ్బుల్లో రెండువందల పదిహేను రూపాయల దాకా ఉండేది. అంటే ఒకే మెట్టు మీద ఉన్న మొగుడికీ పెళ్లానికీ ఎనభై ఆరు రూపాయల తేడా.

"ఇదేంటండీ, మీకో రేటూ నాకో రేటూనా?" అన్నాను.

"నీది కొత్త ఫోను కదే. నిన్ను మరిగిస్తన్నాడు."

"మరి మీరో?"

"నేను మరిగిపోయేను కదా, ఇంకెక్కడికి పోతానని వాడి ధీమా."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఊళ్లో ఆటో ఎక్కితే పక్కనున్న వాడు ఇచ్చినంతే నేనూ ఇస్తాను. పది ఎక్కువడిగితే డ్రైవరు మొహం మీదే అడిగేస్తాను. ఇక్కడ ఎవరి మొహం మీద అడగాలి?

కువైట్ చూసి వచ్చినవాళ్లు సముద్రం ఒడ్డున మేడల గురించి, బంగారం కొట్ల గురించి చెబుతారు. నేను అవీ చూశాను. కానీ నెలరోజుల విజిట్ వీసాలో నా మనసంతా పట్టుకుని పీకింది ఈ కార్ల ధరలే. ఎందుకో చెబుతాను.

అబ్బాసియా

మాది అమలాపురం దగ్గర పల్లె. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. కొబ్బరికాయల వ్యాపారి దగ్గర లారీకి ఎన్ని కాయలెక్కాయో లెక్క చూసే పనిలో చేరి, లెక్కలు ఆ గుట్టల దగ్గరే నేర్చుకున్నాను. మా ఆయన పదకొండేళ్లుగా కువైట్‌లో ఏసీలు బాగుచేస్తారు. మా చెల్లెలు మంగ అర్దియాలో ఒక ఇంట్లో అయిదేళ్లుగా పనిచేస్తోంది.

నా ప్రయాణానికి అసలు కారణం మంగే. దాని ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఇరవై రోజుల్లో అయిపోతోంది. ఆ ఇంటి యజమానురాలిని అది మామా అంటుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లంతా అలాగే అంటారు. "ఈ లోపల కొత్త ఇల్లు చూసుకుంటే సంతకం పెట్టి వదిలేస్తాను, లేకపోతే టికెట్ కొని ఇంటికి పంపేస్తాను" అని ఆ మామా చెప్పేసింది. ఊళ్లో మంగ ఇల్లు గోడల దాకా లేచి ఆగింది, శ్లాబు పడలేదు. కొడుకు ఐటిఐలో ఉన్నాడు. ఇంకో రెండేళ్ల జీతం ఉంటే గాని ఆ రెండూ తేలవు. మా ఆయన ఏసీలు చూసే ఇళ్లలో సల్వాలో ఒక టీచరమ్మ ఇల్లుంది. ఆవిడ నెలకి నూట ఇరవై దీనార్లిస్తానంది. మంగకి అప్పటిదాకా వచ్చేది ఎనభై. "మూడో శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తీసుకురండి. అయిదింటికి ఇంకో మనిషి వస్తుంది. ఆ రోజే ఎవరో ఒకరిని తేల్చేసుకుంటాను" అందట.

అంటే నాకు రెండు వారాలకు పైగా టైముంది. ఆ శుక్రవారం ఏ కారు నమ్మకంగా వస్తుందో, ఎంతకి వస్తుందో తేల్చుకోవడానికి ఆ రెండు వారాలూ చాలనుకున్నాను.

అక్కడ ముఖ్యంగా రెండు యాప్‌లు పోటీ పడుతున్నాయి. పేర్లు రాయను. ఒకదాని గుర్తు నారింజ రంగు, ఇంకోదానిది ఊదా రంగు. అలాగే పిలుస్తాను.

అబ్బాసియా అంటే మనవాళ్లూ మలయాళం వాళ్లూ కిక్కిరిసిన పేట. మెట్లు దిగితే సాంబారు వాసన, ఇంకో నాలుగడుగులకి కుట్టుమిషన్ల చప్పుడు. మా గది ఉన్న సందులో మురుగునీళ్లు పొంగి, ఇటుకల మీద కాలేసి నడవాలి. మొదటిరోజు ఊదా వాడికి కారు చెప్పాను. పన్నెండు నిమిషాలన్నాడు. పదిహేడో నిమిషానికి డ్రైవరు ఫోన్ చేసి, "అందర్ నహీ ఆయేగా, బాహర్ ఆవో" అన్నాడు. లోపలికి రాడట, పెద్దరోడ్డు మీదకి మేమే రావాలట. ఎండలో ఆరువందల అడుగులేశాను. నేను రోడ్డెక్కేసరికి ఫోన్లో "మీ ప్రయాణం రద్దయింది" అని వచ్చింది. రెండోరోజూ అంతే. మూడోరోజు నారింజ వాడికి చెప్పాను. వాడు వచ్చాడు గాని, సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చిన కారు. ఏసీలోంచి వేడిగాలి. నేను కిటికీ దించబోతే, "ఏసీ ఆన్ హై" అన్నాడు. ఆ ఏసీ సంగతి మా ఆయనకి చెబితే, "గ్యాసు అయిపోయుంటదే" అన్నారు తాపీగా.

అక్కడ హోటల్లో నాలుగిడ్లీ నాలుగువందల ఫిల్సు, టీ వంద. ఇడ్లీకి పేరు పెట్టడానికి లేదు, చట్నీలో మాత్రం కొబ్బరి కంటే పుట్నాలే ఎక్కువ. ఎందుకో కూరల కొట్టుకి వెళ్తే తెలిసింది. కొబ్బరికాయ ఒక్కటి నాలుగువందల ఫిల్సు! మా దగ్గర లారీకెత్తే ధరకి అది ఎనిమిది రెట్లు. చెవి దగ్గర పెట్టి ఊపి చూశాను, నీళ్లు సగం ఇంకిపోయాయి. "దీన్ని మా కళ్లంలో అయితే పక్కకి గిరాటేస్తారు" అన్నాను తెలుగులోనే. కొట్టువాడికి అర్థం కాలేదు, కవర్లో వేసి ఇచ్చేశాడు. కొన్నాను. పెనిమిటికి కొబ్బరి పచ్చడి చేసిపెట్టి పదకొండేళ్లయింది.

అర్దియా, వెనక గేటు

అయిదోరోజు మంగని చూడ్డానికి వెళ్లాను. అర్దియాలో వీధులు వెడల్పు, ఇళ్లు మూడంతస్తులు, గోడలు ఎత్తు. ప్రతి ఇంటికీ బ్లాకు, వీధి, ఇల్లు నంబర్లుంటాయి. మనలాగా రామాలయం పక్క సందు అంటే కుదరదు. ఊదా కారు తిన్నగా గేటు ముందుకొచ్చి ఆగింది.

మంగని ఎలా పిలవాలో మా ఆయన ముందే చెప్పారు. నాకు అది కొత్తేం కాదు. దాని ఫోన్లో డబ్బులుండవు, ఆ ఇంట్లో వైఫై ఇవ్వరు, పనివేళ మాట్లాడితే మామా ఊరుకోదు. అందుకని ఒక రింగివ్వాలి. అది కట్ చేస్తే, విన్నాను, వస్తున్నానని అర్థం. గల్ఫులో మనుషులున్న మా ఊరి ఇళ్లన్నిటిలోనూ ఇదే పద్ధతి. ఎన్నో ఏళ్లు మా ఆయన తెల్లారి పనికెళ్తూ ఒక రింగిచ్చేవారు. నేను కట్ చేసేదాన్ని. ఎత్తితే డబ్బు ఖర్చు, కట్ చేస్తే పలకరింపు. మంగ కొత్తగా కువైట్ వెళ్లేటప్పుడు విమానమెక్కే ముందు రోజు దాన్ని కూర్చోబెట్టి, ఫోనెత్తి డబ్బులు తగలెయ్యకని ఈ పద్ధతి నేర్పింది నేనే.

రింగిచ్చాను. కట్ అయింది. అయిదు నిమిషాలకి చెత్తసంచీ పట్టుకుని మంగ వెనక గేటులోంచి వచ్చింది. అయిదేళ్లకి చూస్తున్నాను. బుగ్గలు పోయాయి, చేతులు సబ్బునీళ్లకి తెల్లగా పాలిపోయాయి.

"లావయ్యేవే అక్కా!"

"నువ్వు సగమయ్యేవు. తింటన్నావా అసలు?"

"పద్నాలుగు మంది తిన్నాక మిగిల్తే తింటాను. ఎక్కువే మిగుల్తాదిలే, కంగారుపడకు. ఏం తెచ్చేవు?"

పూతరేకులిచ్చాను. ఒకటి అక్కడే నోట్లో కుక్కుకుని, మిగతావి నైటీ మడతలో దాచుకుంది.

"ఆ సల్వా ఇల్లు అవుద్దంటావా?" అంది నోరు నిండా పెట్టుకుని.

"నాలుగింటికి అక్కడ నిన్ను నిలబెట్టే పూచీ నాది."

"ఎలాగైనా అయ్యేట్టు చూడే అక్కా. ఇక్కడ ఇంక ఉండలేను."

పనెక్కువని అంటోందనుకున్నాను. లోపల్నించి ఎవరో పిలిచారు. మొత్తం ఆరు నిమిషాలు చూశాను దాన్ని.

ఖైతాన్‌లో టీ

ఖైతాన్‌లో పాత మేడలు, మెకానిక్ షెడ్లు, చవక గదులు. మా ఆయనకి ఏదో ఏసీ సామాను కావాలంటే నేనూ వెళ్లాను. ఆయన కొట్లో బేరమాడుతుంటే నేను టీకొట్టు దగ్గర నిలబడి, రెండు ఫోన్లూ తీసి తిరుగు ప్రయాణానికి ధరలు చూసుకుంటున్నాను.

"ఏందక్కా, రెండు ఫోన్లు పెట్టుకోని జాతకం సూస్తాండావా?"

పక్కన ఒక ట్యాక్సీ ఆగి ఉంది. దాని డ్రైవరు, యాభై ఏళ్లుంటాయి, టీ ఊదుకుంటూ నవ్వుతున్నాడు. పేరు రమణయ్య, ఊరు రాయచోటి. యాప్‌ల జోలికి పోకుండా రోడ్డు మీద తిరిగే ట్యాక్సీ అతనిది.

"ఎవడు తక్కువో చూస్తున్నా బాబూ."

"తక్కువోడు రాడు, వచ్చేవోడు తక్కువ కాదు. యాడికి పోవాల?"

"అబ్బాసియా. మీరెంత?"

"దీనారున్నర."

"ఇందులో దీనారు రెండొందలుంది."

"ఐతే దాన్నే ఎక్కుపో. ఫోన్లో కూర్చోని పో." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మండింది గాని, నవ్వొచ్చింది కూడా. ఆ దేశంలో ధర గురించి నాతో మొహాన మాట్లాడిన మొదటి మనిషి అతనే.

టీ అయ్యేలోపు అతను చెప్పింది ఇది. కారు కంపెనీది. రోజుకి తొమ్మిది దీనార్లు కంపెనీకి కట్టాలి, పెట్రోలు తనదే. యాప్‌లో చేరితే వచ్చిన కిరాయిలో అయిదో వంతు యాప్ వాడిది. "నేను వాని కింద రెండు నెల్లు చేసినానక్కా. ఎవురికి ఎంత సెప్తాడో నాకూ తెలీదు, ఎక్కినోళ్లకీ తెలీదు. మా ఇద్దరికీ కొట్లాట పెట్టి వాడు సల్లగా ఉండాడు."

చివరికి దీనారు మూడువందలకి దిగాడు. వందే ఎక్కువ కదా అని ఎక్కాం. దిగేటప్పుడు సిగరెట్ పెట్టె అట్టముక్క మీద తన నంబరు రాసిచ్చాడు. ఆ అట్ట నా సంచీలో అడుక్కి పోయింది.

సాల్మియా, సముద్రం పక్క

మా ఆయనకి ఒకరోజు సెలవు దొరికితే సాల్మియా వెళ్లాం. అద్దాల కొట్లు, సముద్రం ఒడ్డున పచ్చిక, పిల్లల్ని తోపుడుబండ్లలో తిప్పే ఆయాలు. అక్కడ చేపల వేపుడు రెండు దీనార్లు. మేం ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. పక్క బెంచీ మీద కూర్చున్న ఈజిప్టు ఆవిడ వాసన చూసి అడిగితే కొంచెం పెట్టాను. మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుని, అయినా ఆపకుండా తినేసింది.

సాయంత్రం అక్కడినుంచి నారింజ కారు పిలిస్తే నాలుగు నిమిషాల్లో వచ్చింది. తెల్లగా మెరిసిపోతూ, లోపల మంచినీళ్ల సీసా, కాగితం రుమాళ్లు. డ్రైవరు దిగి తలుపు తీశాడు. ఇదే యాప్, ఇదే రేటు. అబ్బాసియాలో నాకు స్పాంజి తేలిన సీటు, సాల్మియాలో మంచినీళ్ల సీసా! చేతిలో ఉన్నది అదే ఫోను, అవే డబ్బులు. నేను మారలేదు, నిలబడ్డ పేట మారింది.

"ఊరికే నీళ్లిచ్చేడు కదా, తాగవే" అన్నారు ఆయన.

"నాకొద్దు" అన్నాను. దాహమేసింది, అయినా తాగలేదు.

మూడో శుక్రవారానికి నా దగ్గర పదహారు కార్ల లెక్క తయారైంది. నారింజ ఏడు, ఊదా తొమ్మిది. సగటున ఊదా నాలుగువందల ముప్పై ఫిల్సు చవక. నారింజ ఎనిమిది నిమిషాల్లో వస్తుంది, ఊదా పదమూడు. ఊదా వాడు మూడుసార్లు రద్దు చేశాడు, ఆ మూడూ అబ్బాసియా సందులోనే. అర్దియాలో ఒక్కటీ రద్దు కాలేదు. అంటే తప్పు మా సందుది. వెడల్పు వీధుల్లోకి ఊదా వాడు ఖాయంగా వస్తాడు. అలా లెక్క తేల్చాను.

ఇక శుక్రవారం ఎలా వెళ్లాలో చూశాను. నేను అబ్బాసియా నుంచి కారెక్కి, అర్దియాలో మంగని ఎక్కించుకుని, సల్వా వెళ్తే నారింజలో నాలుగు దీనార్ల ఆరువందలు. అలా కాకుండా నేను బస్సులో సల్వా వెళ్లిపోయి, మంగకి మాత్రం అర్దియాకి ఊదా కారు పంపిస్తే రెండు ఆరువందల యాభై, బస్సుకి మూడువందలు. మొత్తం రెండు తొమ్మిదివందల యాభై. దీనారున్నర పైన మిగులుతుంది. ప్రయాణికురాలి ఫోను అనేచోట మంగ నంబరు కొట్టాను.

"కలిసెళ్లొచ్చు కదే, ఆడికి పోయి దాన్ని తీస్కుని" అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయనకి డ్యూటీ.

"మూడువందల యాభై రూపాయలండీ" అన్నాను.

శుక్రవారం

మూడూ ఇరవైకి సల్వాలో బస్సు దిగాను. ఎదురుగా జమియా, అంటే సహకార సంఘం వాళ్ల సరుకుల కొట్టు. మధ్యాహ్నం నమాజులయ్యాక ఊరంతా నిద్రపోతున్నట్టుంది, రోడ్డు మీద పిట్ట లేదు. మంగకి మూడు నుంచి ఆరున్నర వరకు సెలవిచ్చారు. మూడూ పదికే ఊదా కారు చెప్పేశాను. ఫోన్లో చిన్న బొమ్మకారు అర్దియా వీధిలో మలుపు తిరిగి, గేటు ముందు ఆగింది. మూడూ ఇరవై ఒకటి. హమ్మయ్య అనుకున్నాను.

మూడూ ఇరవై ఆరుకి ఫోను మోగింది. "ప్రయాణికురాలు రాలేదు. రద్దు రుసుము ఏడువందల యాభై ఫిల్సు."

చదివింది నమ్మలేక మళ్లీ చదివాను. వెంటనే మంగకి ఫోన్ చేసి, ఎత్తేదాకా మోగించాను.

"ఎక్కడున్నావే?"

"గేటు దగ్గరే అక్కా. ఇప్పుడే వచ్చేను. కారేది?"

"డ్రైవరు నీకు ఫోన్ చెయ్యలేదా?"

"రెండుసార్లు చేసేడు. నేను వస్తన్నానని తెలుసు వాడికి. అబాయా వేసుకుని, పొయ్యి కట్టేసి వచ్చేసరికి లేడు."

తెలిసి కూడా పోయాడు! అయిదు నిమిషాలు ఆగలేక, నా చెల్లెల్ని రోడ్డు మీద వదిలేసి, పైగా నా దగ్గరే ఏడువందల యాభై గుంజుకుని పోయాడు. మళ్లీ ఊదా నొక్కాను. దగ్గర్లో కార్లు లేవంది. నారింజ నొక్కాను. అయిదు దీనార్ల ఎనిమిదివందల యాభై! కింద చిన్న అక్షరాల్లో "గిరాకీ ఎక్కువగా ఉంది" అని రాశాడు. పొద్దున అదే దూరానికి మూడు దీనార్ల యాభై చూశాను. రోడ్డు మీద ఒక పిల్లి తప్ప ఏమీ లేదు, గిరాకీ ఎవడికి? ఆ పిల్లికా? పైగా కారు రావడానికి పంతొమ్మిది నిమిషాలట. జమియా మెట్ల మీద నిలబడి తెలుగులో గట్టిగా తిట్టాను. లోపలికెళ్తున్న ముసలాయన ఒకరు ఆగి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

అయిదూ ఎనిమిదివందల యాభై అయినా సరే అని నొక్కబోయాను. ఆ నొక్కేలోపు అది ఆరు దీనార్ల ఇరవై ఫిల్సు అయింది. దేవుడా!

అప్పుడు సంచీ మొత్తం మెట్ల మీద బోర్లించి, అట్టముక్క వెతికి రమణయ్యకి ఫోన్ చేశాను.

"ఎవురు? ఆ, రెండు ఫోన్లక్కా! సెప్పు."

చెప్పాను. బ్లాకు, వీధి, ఇల్లు నంబరు.

"ఖైతాన్లోనే ఉండా. పది నిమిసాల్లో ఆడుంటా. ఆ పాపకి సెప్పు, గేటు ఇడిసి ఒక్కడుగు కదలొద్దని. నాలుగు దీనార్లు."

"మూడిస్తాను."

"ఇప్పుడు కూడా బేరమాడ్తాండావే నువ్వు! మూడున్నర. యల్లా, బయల్దేర్తాండా."

సల్వా, టీచరమ్మ ఇల్లు

నాలుగింటికి మంగ లేకుండానే నేను తలుపు కొట్టాను. కనీసం దారిలో ఉందని చెప్పాలి కదా. టీచరమ్మకి నలభై ఉంటాయి, చల్లగా నవ్వుతుంది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి, ఖర్జూరాలు, చిన్న గిన్నెలో ఏలకుల వాసనొచ్చే కాఫీ ఇచ్చింది. పాలూ చక్కెరా ఉండవు. గిన్నె ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు, చాలనడానికి గిన్నె అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి తెలియక అయిదు గిన్నెలు తాగాను. గుండె దడదడ దానివల్లో, గడియారం వల్లో తెలియలేదు.

నాలుగుంపావుకి ఇంకో మనిషి వచ్చేసింది. శ్రీలంక ఆవిడ, శుభ్రంగా దువ్వుకున్న తల. అయిదింటికి రావలసింది, ముప్పావుగంట ముందొచ్చింది. టీచరమ్మ ఆవిడ్ని వంటింట్లో స్టూలు మీద కూర్చోమని, నా వైపు చూసి గడియారం చూసింది.

నాలుగూ ఇరవై ఏడుకి రమణయ్య కారు చప్పుడైంది. మంగ చెమటతో వచ్చి గోడ పక్కన నిలబడింది. అక్కకి సోఫా, చెల్లెలికి గోడ. నేను జరిగి చోటిచ్చాను, మంగ కళ్లతోనే వద్దంది.

టీచరమ్మ అరబీలో అడిగింది, మంగ గడగడా చెప్పింది. వంటలు, ఇస్త్రీ, పిల్లలు, ఎన్నేళ్లు చేసింది. నా చెల్లెలు అంత ధారాళంగా ఇంకో భాష మాట్లాడగా వినడం అదే మొదటిసారి. మధ్యలో మంగని తీసుకెళ్లి ఇల్లంతా చూపించింది. తిరిగొచ్చాక "మియా" అంది. అంటే వంద. అది నాకు తెలుసు, బజార్లో నేర్చుకున్నాను.

"నూట ఇరవై అన్నారు కదా!" అని లేచాను.

టీచరమ్మ నవ్వుతూనే ఏదో అంది. మంగ నేలవైపు చూస్తూ తెలుగులో చెప్పింది. "నూట ఇరవై, నాలుగింటికల్లా వచ్చే మనిషికంట అక్కా. ఇప్పుడు నాలుగున్నర కదా అంటంది. లేపోతే ఆవిడ ఉంది కదా వంటింట్లో."

గడియారం చూసి ధర మార్చడం యాప్‌లకే వచ్చనుకున్నాను. నేను నోరు తెరిచాను. మంగ నా కాలు తొక్కింది. "హాజిర్, మామా" అంది. అంటే సరేనని.

తిరుగు దారి

బయటే ఆగి ఉన్న రమణయ్య కారెక్కాక నా గొణుగుడు ఆగలేదు. నెలకి ఇరవై. రెండేళ్లకి నాలుగువందల ఎనభై దీనార్లు. లక్షా మూడువేల రూపాయలు. శ్లాబుకి సిమెంటూ ఇనుమూ వచ్చేసే డబ్బు. ఆ ఊదా దొంగ అయిదు నిమిషాలు ఆగి ఉంటే!

"కంప్లైంటు పెట్టినావా?" అన్నాడు రమణయ్య.

జమియా మెట్ల మీద నుంచే పెట్టాను. సరిగ్గా అతను ఆ మాట అడుగుతుండగానే జవాబొచ్చింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మా డ్రైవరు ప్రయాణికురాలికి రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండుసార్లూ ఆమె తిరస్కరించింది, రుసుము సబబే. అయినా మీ మీద గౌరవంతో ఒక దీనారు కూపను ఇస్తున్నాం, అయిదు దీనార్లు దాటిన ప్రయాణానికి, వారంలోపు వాడుకోవాలి.

"తిరస్కరించిందంట! అబద్ధాలకోరు" అని గట్టిగా చదివాను. మంగ తన ఫోను తీసి చూసుకుంది.

"మంగా? ఫోనెత్తి ఏం చెప్పేవు వాడికి?"

"ఎత్తలేదక్కా. కట్ చేసేను. రెండుసార్లూ."

"కట్ చేసేవా?"

"వస్తన్నానని. మనం చేస్తాం కదా?"

రమణయ్య స్టీరింగు మీద చెయ్యేసి కొట్టి నవ్వాడు. "వాడు పాకిస్తానోడో, ఈజిప్టోడో! వానికెట్ల తెలుస్తాది పాపా, కట్ చేస్తే వస్తాండాననీ? మా ఇంట్లో కూడా ఇదే యవ్వారం!"

నాకు మంగ మీద అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. దాని నంబరు కొట్టింది నేను, డ్రైవరు ఫోన్ చేస్తే ఎత్తమని చెప్పనిది నేను, అయిదేళ్ల కింద కూర్చోబెట్టి కట్ చెయ్యడం నేర్పింది నేను. పదహారు కార్ల లెక్కలో ఈ ఒక్కటీ రాయలేదు. అప్పుడు కూడా ఊదా వాడి మీద కోపం తగ్గలేదని ఒప్పుకుంటాను. రెండుసార్లు కట్ అయితే మూడోసారి చెయ్యకూడదా? దిగి బెల్లు కొట్టకూడదా? వాడికి నిమిషాలు లెక్క, మనిషి కాదు.

"నాలుగువందల ఎనభై దీనార్లే!" అన్నాను మళ్లీ.

"ఊరుకోవే అక్కా."

"ఎలా ఊరుకోను? నీ శ్లాబు..."

"ఆ గదికి లోపల గడియుంది" అంది మంగ. కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఇల్లు చూపించినప్పుడు చూసేను. ఇత్తడిది, లావుది. ఇక్కడ అర్దియాలో నేను ఇస్త్రీ గదిలో పడుకుంటాను కదా. దాని తలుపుకి గడియ లేదు. రాత్రుళ్లు ఇస్త్రీ బల్ల అడ్డం పెట్టుకుని పడుకునేదాన్ని. బల్ల జరిగినప్పుడల్లా లేచి కూర్చునేదాన్ని."

రమణయ్య నవ్వడం ఆపేశాడు.

"ఎవరే జరిపింది?" అన్నాను.

"ఇప్పుడెందుకులే."

"అయిదేళ్లా? ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"ఫోన్లో ఏం చెప్పమంటావు? రింగిచ్చి కట్ చేసేదాన్ని" అంది.

అర్దియా గేటు దగ్గర దిగి, తల వంచుకుని లోపలికి పోయింది. ఆరూ అయిదు. అబ్బాసియాలో దిగేటప్పుడు రమణయ్య డబ్బు కోసం చెయ్యి చాపలేదు, నేనే మూడున్నర సీటు మీద పెట్టాను.

మళ్లీ సల్వా

కాగితాల మీద సంతకాలు ఇఖామా అయిపోవడానికి రెండు రోజుల ముందు పూర్తయ్యాయి. నా విమానం గురువారం. బుధవారం మంగని నేనే దగ్గరుండి దింపాను. పెట్టె ఒకటే, అదీ తేలికది. టీచరమ్మ బడికి వెళ్లింది. ముసలావిడ ఒకామె తలుపు తీసి, మెట్ల కిందుగా ఉన్న గది చూపించి వెళ్లిపోయింది.

చిన్న గది. ఒక మంచం, ఒక మేకు, పైన చేయి పట్టేంత కిటికీ. ఇలాంటి గది నూట ఇరవైకైనా ఇంతే, వందకైనా ఇంతే అని నాలో నేను గొణుక్కుంటున్నాను. మంగ పెట్టె మంచం కింద తోసి, "నువ్వు బయటికెళ్లవే ఒకసారి" అంది.

వెళ్లాను. తలుపు మూసింది. లోపల ఇత్తడి గడియ దిగిన చప్పుడయింది.

"అక్కా, తొయ్యి."

తోశాను.

"అలా కాదే. గట్టిగా తొయ్యి."

సంచీ కింద పెట్టి, భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తోశాను. ఇంకోసారి తోశాను. తలుపు కదల్లేదు.